దాచుకునే పాట వేరు, మోసుకెళ్లే పాట వేరు

కడపలోనైనా ప్రొద్దుటూరులోనైనా సెల్ షాపుకు వెళ్లి మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకున్న తరం ఇప్పుడు నడివయసుకు చేరుకుంది. ఆ కార్డులతో పాటు ఇళ్లలో మరికొన్ని కూడా మిగిలిపోయాయి: అట్టపెట్టెలో సీడీలు, తిరుపతి వెళ్లినప్పుడు తెచ్చుకున్న అన్నమయ్య కీర్తనల క్యాసెట్లు, కడప ఆకాశవాణి నుంచి టేపులోకి పట్టుకున్న జానపద గీతాలు, ఊరి తిరునాళ్లలో ఎవరో రికార్డు చేసిన పౌరాణిక నాటకం, పాత కంప్యూటర్‌లో రకరకాల వెబ్‌సైట్ల పేర్లు తగిలించుకుని ఉన్న సినిమా పాటలు. వీటన్నిటినీ ఒకచోట చేర్చి జేబులో పట్టే ప్లేయర్‌లోకో, పొలం దగ్గర పెట్టుకునే పెన్‌డ్రైవ్ రేడియోలోకో ఎక్కించాలనుకునేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న ‘ఏ ఫార్మాట్ మంచిది?’ అని. ఆ ప్రశ్నకు జవాబు ఉంది. అయితే ఈ పని మొత్తంలో అన్నిటికన్నా సులువైన భాగం అదే. పాట పేరు ఎక్కడ రాయాలి, ప్లేయర్‌కు తెలుగు చదవడం వచ్చా రాదా, పాటలు ఏ వరుసలో వస్తాయి అన్నవి అసలైన చిక్కులు. తెలుగు పాటల విషయంలో ఇవి మరింత బిగుసుకున్న ముడులు.

మార్పిడి మొదలుపెట్టే ముందే సేకరణను రెండుగా విడదీసుకోవాలి. ఒకటి ఇంట్లో హార్డ్ డిస్క్‌లో దాచుకునే మూల ప్రతి. రెండవది ప్లేయర్‌లో వేసుకుని వెంట తీసుకెళ్లే ప్రతి. మూల ప్రతిలోని ధ్వనిని ఎన్నడూ ముట్టుకోకూడదు. పేర్లు సరిదిద్దడం ఒక్కటే అక్కడ జరగాలి. వెంట తీసుకెళ్లే ప్రతి మాత్రం పూర్తిగా ఆ ప్లేయర్ కోసం పుట్టినది. ప్లేయర్ మారితే దాన్ని తుడిచేసి మళ్లీ తయారుచేసుకోవచ్చు, కార్డు పోయినా బాధ లేదు. చాలామంది చేసే పని ఇందుకు విరుద్ధంగా ఉంటుంది. సీడీ నుంచి నేరుగా చిన్న ఎంపీ3 ఫైళ్లు తీసి, సీడీని ఎవరికో ఇచ్చేసి, పదేళ్ల తరువాత ఆ ఎంపీ3లనే ఇంకో ఫార్మాట్‌లోకి మారుస్తారు. ప్రతి మార్పిడిలోనూ కొంత ధ్వని పోతుంది, పోయినది మళ్లీ రాదు.

ఎందుకు పోతుందో తెలియాలంటే సీడీలో ఏముందో చూడాలి. సీడీలో ధ్వనిని ఒక సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో, ఎడమకూ కుడికీ విడివిడిగా రాస్తారు. అంటే సెకనుకు 14,11,200 బిట్లు. ఐదు నిమిషాల పాట ఈ లెక్కన దాదాపు 53 మెగాబైట్లు అవుతుంది. ఇందులో ఒక్క బిట్టూ పోకుండా పరిమాణాన్ని తగ్గించే పద్ధతులను లాస్‌లెస్ అంటున్నారు. వాటిలో 2001లో వచ్చిన ఫ్లాక్ ఎక్కువ ప్రచారంలో ఉంది. ఎవరి అనుమతీ అవసరం లేని స్వేచ్ఛా ఫార్మాట్ అది. అదే ఐదు నిమిషాల పాట ఫ్లాక్‌లో పాట స్వభావాన్ని బట్టి 25 నుంచి 35 మెగాబైట్ల మధ్య ఉంటుంది. విప్పితే మాత్రం సీడీలో ఉన్నది ఉన్నట్టు బయటికి వస్తుంది. ఆపిల్ సంస్థ 2004లో తెచ్చిన అలాక్ కూడా ఇదే పని చేస్తుంది. ఐపాడ్‌లు ఫ్లాక్‌ను చదవవు కనుక అవి వాడేవారికి అలాక్ అవసరమవుతుంది. ఆపిల్ 2022లో ఐపాడ్‌ను నిలిపివేసినా, పాతవి ఇంకా చాలా చేతుల్లో ఆడుతూనే ఉన్నాయి.

ఎంపీ3, ఏఏసీ, ఓపస్ వంటివి రెండో కోవకు చెందుతాయి. చెవికి ఎలాగూ అందదని లెక్కవేసిన ధ్వనిని అవి వదిలేస్తాయి. డోలు మీద గట్టి దెబ్బ పడిన క్షణంలో, దానికి దగ్గరి శ్రుతిలో ఉన్న మెల్లని ధ్వని మనకు వినబడదు. వినబడని దాన్ని దాచడం దండగ అన్నది వాటి తర్కం. ఎంపీ3 ప్రమాణం 1993లో అచ్చయింది, ఏఏసీ 1997లో, ఓపస్ 2012లో వచ్చాయి. తరువాత వచ్చినవి తక్కువ చోటులో అంతే నాణ్యతను ఇవ్వగలుగుతున్నాయి. లెక్క చూస్తే, బిట్‌రేట్ (సెకనుకు వాడే బిట్లు) 320 కిలోబిట్లు ఉన్న ఎంపీ3లో మన ఐదు నిమిషాల పాట 12 మెగాబైట్లు, 128 కిలోబిట్ల ఓపస్‌లో సుమారు 4.8 మెగాబైట్లు. 32 గిగాబైట్ల కార్డులో ఫ్లాక్ పాటలు దాదాపు వెయ్యి పడితే, ఆ ఎంపీ3లు రెండువేల ఆరువందలకు పైగా, ఆ ఓపస్ ఫైళ్లు ఆరువేలకు పైగా పడతాయి.

ఇక్కడే రెండు అపోహలను వదిలించుకోవాలి. మొదటిది: 128 కిలోబిట్ల ఎంపీ3ని 320కి మారిస్తే నాణ్యత పెరుగుతుందని. పెరగదు, చోటు రెండింతలకు మించి పడుతుంది, ధ్వని ఇంకొంచెం చెడుతుంది. ఆ పాత ఎంపీ3ని ఫ్లాక్‌లోకి మార్చినా అంతే. పేరుకు ఫ్లాక్ అయినా లోపల ఉన్నది ఒకసారి కోత పడిన ధ్వనే. అనుమానం ఉన్న ఫైల్‌ను స్పెక్ వంటి ఉచిత ప్రోగ్రామ్‌లో తెరిస్తే ఏ శ్రుతి స్థాయిలో ఎంత ధ్వని ఉందో చూపే పటం కనబడుతుంది. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు పటం పైభాగం నల్లగా ఉంటే, ఆ ఫైల్ ఎప్పుడో ఒకప్పుడు తక్కువ బిట్‌రేట్ ఎంపీ3గా ఉండి ఉంటుందని అనుమానించవచ్చు. పాత క్యాసెట్ నుంచి తీసిన పాటలోనూ పై స్థాయిలు సన్నగిలుతాయి, కానీ అవి మెల్లగా సన్నగిలుతాయి, గీత గీసినట్టు ఆగవు. రెండో అపోహ: జేబు ప్లేయర్‌లోనూ లాస్‌లెస్ ఉంటేనే సంగీతమని. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో వినేవారికి ఇది ఏమాత్రం వర్తించదు. బ్లూటూత్‌లో అన్ని పరికరాలకూ తప్పనిసరైన ఎస్‌బీసీ పద్ధతి సాధారణంగా సెకనుకు 328 కిలోబిట్లకు మించి పంపదు. మీరు ఫ్లాక్ ఇచ్చినా గాలిలోకి వెళ్లే ముందు అది మళ్లీ కుదించబడుతుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని వింటున్నప్పుడు ఆ తేడాను పట్టుకోగలనని చెప్పేవారి మాటను నేను నమ్మలేను.

కనుక ఫార్మాట్ సంగతి ఇలా తేల్చవచ్చు. మూల ప్రతి ఫ్లాక్‌లో ఉండాలి. ఆండ్రాయిడ్ మీద నడిచే ప్లేయర్‌కు లేదా పాత ఫోన్‌కు ఓపస్ 128 కిలోబిట్లు చాలు, ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఓపస్ నడుస్తుంది. ఐపాడ్‌కు ఏఏసీ 192 లేదా 256. వీధి చివర కొన్న ప్లేయర్‌కు, పెన్‌డ్రైవ్ రేడియోకు, పాత కారు స్టీరియోకు ఎంపీ3 తప్ప వేరే దారి లేదు. ఎంపీ3 లైసెన్సు కార్యక్రమం కూడా 2017 ఏప్రిల్ 23న ముగిసిపోయింది కనుక ఇప్పుడు దాన్ని ఎవరైనా స్వేచ్ఛగా వాడవచ్చు. ధ్వనిని ఎంపీ3గా మార్చే లేమ్ అనే ఎన్‌కోడర్‌లో మారే బిట్‌రేట్ పద్ధతిలో వీ2 ఎంచుకుంటే సగటున 190 కిలోబిట్ల దగ్గర, వీ0 ఎంచుకుంటే 245 దగ్గర ఫైళ్లు వస్తాయి. మొదటిదే చాలామందికి సరిపోతుంది. కొన్ని చౌక రేడియోలు మారే బిట్‌రేట్ ఫైళ్లలో పాట నిడివిని తప్పుగా చూపిస్తాయి, ముందుకు జరిపితే ఎక్కడికో దూకుతాయి. వాటికి మాత్రం స్థిరమైన 192 ఇవ్వడం మేలు. 96 కిలోహెర్ట్జ్ (సెకనుకు 96,000 కొలతలు), 24 బిట్ల ఫైళ్లు కొనుక్కున్నవారు వెంట తీసుకెళ్లే ప్రతిలో వాటిని 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లకు దించుకోవాలి. చౌక ప్లేయర్లు చాలావరకు వాటిని ఆడవు, ఆడినా బ్యాటరీ తొందరగా అయిపోతుంది. ఒక్క మాట: డబ్బు కట్టి వినే యాప్‌లలో ‘డౌన్‌లోడ్’ చేసుకున్న పాటలు తాళం వేసిన ఫైళ్లు. ఈ వ్యాసంలో చెబుతున్నదంతా సొంత సీడీలు, సొంత రికార్డింగులు, తాళం లేకుండా కొనుక్కున్న ఫైళ్ల గురించే.

ఎవరి పాట?

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. పాట ఫైల్ లోపల ట్యాగ్‌లు అనే చిన్న గళ్లు ఉంటాయి: పాట పేరు, కళాకారుడు, ఆల్బమ్, సంవత్సరం. ప్లేయర్ తెర మీద కనబడేది ఈ గళ్లలో రాసినదే. ఈ గళ్లను రూపొందించినవారి మనసులో ఉన్నది ఒక గాయకుడు, అతని ఆల్బమ్, అందులో పది పాటలు. మన పాటలు ఆ చట్రంలో ఇమడవు.

అన్నమయ్య కీర్తననే తీసుకోండి. రచన తాళ్లపాక అన్నమాచార్యులది. తిరుమల సంకీర్తన భాండారంలో దొరికిన రాగిరేకుల మీద సంకీర్తనకు రాగం పేరు చెక్కి ఉంది కానీ స్వరం లేదు. అందువల్ల ఇవాళ మనం వింటున్న వరుసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. అనంతపురం జిల్లాకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వాటికి స్వరాలు కూర్చినవారిలో ముందు వరుసలో ఉంటారు. అదే కీర్తనకు మరొకరు వేరే రాగంలో వరుస కట్టి ఉండవచ్చు, ఇంకొకరు పాడి ఉండవచ్చు. అంటే ఒక్క పాటకు రచయిత, స్వరకర్త, గాయకుడు, రాగం, తాళం అని ఐదు వివరాలు కావాలి. ప్లేయర్ చూపించేది ‘ఆర్టిస్ట్’ గడి ఒక్కటే. పాత ట్యాగ్ పద్ధతిలో సంగీత రకాల జాబితా అని 80 పేర్లు ఉండేవి. వాటిలో కర్ణాటక సంగీతానికి చోటు లేదు, హరికథ సంగతి అడగనే అక్కరలేదు. రాగం పేరును పాట పక్కనే చెక్కి ఉంచిన ఆ రేకులు ట్యాగుల విషయంలో మనకన్నా ముందున్నాయి.

దీనికి ఆచరణలో పనికొచ్చే పద్ధతి ఒకటి ఉంది. మూల ప్రతిలో అన్నీ రాయండి. ఫ్లాక్‌లో గళ్ల పేర్లను మనమే పెట్టుకోవచ్చు కనుక ‘రాగం’, ‘తాళం’, ‘స్వరకల్పన’ అని విడివిడి గళ్లు తెరవడానికి అడ్డు లేదు. ఎంపీ3లోనూ స్వరకర్తకు ‘కంపోజర్’ గడి, సాహిత్యకారుడికి ‘లిరిసిస్ట్’ గడి ఉన్నాయి. చాలామందికి తెలియక వాటిని ఖాళీగా వదిలేస్తారు. చౌక ప్లేయర్లు ఆ గళ్లను చూపించవు కనుక, వెంట తీసుకెళ్లే ప్రతి తయారయ్యేటప్పుడు రాగం పేరును పాట పేరు చివర చేర్చుకోవాలి. ఎంపీ3ట్యాగ్ వంటి ప్రోగ్రామ్‌లో ‘పాట పేరు, గీత, రాగం’ అని ఒక్కసారి నమూనా రాసిస్తే ఎన్ని వందల పాటలకైనా అది తనంతట తానే చేసిపెడుతుంది. ఈ పని ప్రతిలోనే జరగాలి, మూలంలో జరగకూడదు. లేకపోతే మరుసటిసారి అదే రాగం పేరు రెండుసార్లు చేరుతుంది.

సినిమా పాటలది ఇంకో రకం తంటా. ఒక సినిమాలో ఆరు పాటలుంటే ఆరుగురు గాయకులు, వాటిలో మూడు యుగళగీతాలు. కళాకారుడి గడిలో గాయకుల పేర్లు రాస్తే ప్లేయర్ ఆ సినిమాను ఆరు ముక్కలుగా విడదీసి చూపిస్తుంది. ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ అనే మరో గడి ఉన్నది ఇందుకే. అందులో ఆరు పాటలకూ సంగీత దర్శకుడి పేరు ఒకే రీతిలో రాస్తే సినిమా ఒకటిగా నిలుస్తుంది, గాయకుల పేర్లు కూడా చెక్కుచెదరవు. ‘ఒకే రీతిలో’ అన్నదాన్ని నొక్కి చెప్పాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరాల్లో, మరొకచోట పూర్తిగా, ఇంకొకచోట చుక్క తరువాత ఖాళీ లేకుండా రాస్తే ప్లేయర్ దృష్టిలో వారు ముగ్గురు మనుషులు. పాత వెబ్‌సైట్ల నుంచి వచ్చిన పాటల్లో కళాకారుడి గడిలోనే ఆ సైట్ చిరునామా ఉంటుంది, ఆల్బమ్ బొమ్మ కూడా దాని ప్రకటనే. వాటిని చేత్తో సరిచేయడానికి ఓపిక లేకపోతే సైట్ పేరును వెతికి ఒకేసారి తుడిచేసే సౌకర్యం చాలా ట్యాగ్ ప్రోగ్రాముల్లో ఉంది.

తెలుగు రాని ప్లేయర్

పేర్లు సరిగా రాశాక అవి తెర మీద కనబడాలి కదా. లిపులన్నిటికీ కంప్యూటర్ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగు లిపి 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచీ ఉంది. అయినా ట్యాగుల చరిత్ర తెలుగుకు అనుకూలంగా సాగలేదు. ఐడీ3 అనే 1996 నాటి తొలి ట్యాగ్ పద్ధతి ఫైల్ చివర 128 బైట్లు మాత్రమే తీసుకునేది, అందులో పాట పేరుకు 30 బైట్లు. అది ఇంగ్లీషు తరహా లిపులకు చేసినది. అందులో ఎవరైనా తెలుగును యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో బలవంతంగా దూర్చినా, ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్ల చొప్పున పది సంకేతాలతో గడి నిండిపోతుంది. ‘లక్ష్మీ’ అన్న మాట చూడటానికి రెండక్షరాలే. కంప్యూటర్ దాన్ని ల, క, పొల్లు, ష, పొల్లు, మ, దీర్ఘపు గుడి అని ఏడు సంకేతాలుగా దాస్తుంది. అంటే 21 బైట్లు. ‘లక్ష్మీనరసింహ’ అని మొదలయ్యే కీర్తన ఆ గడిలో ‘నరసింహ’ దగ్గరకు వచ్చేసరికి తెగిపోతుంది. తరువాత వచ్చిన 2.3 కూర్పు ట్యాగ్ ఈ ఇబ్బందిని తొలగించింది. అందులో తెలుగు పేర్లు ఎంత పొడవైనా పడతాయి. దానికన్నా కొత్తదైన 2.4ను పాత కారు స్టీరియోలు కొన్ని చదవలేవు. కాబట్టి వెంట తీసుకెళ్లే ఎంపీ3లకు 2.3 సురక్షితం.

ట్యాగ్ సరిగా ఉన్నంత మాత్రాన తెర మీద తెలుగు వస్తుందని కాదు. ప్లేయర్లు మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. కొన్నింటిలో తెలుగు ఫాంట్ ఉండదు. వాటిలో అక్షరానికి ఒక డబ్బా చొప్పున వరుసగా డబ్బాలు కనబడతాయి. కొన్నింటిలో ఫాంట్ ఉంటుంది కానీ ఒత్తులు కూర్చే తెలివి ఉండదు. అప్పుడు ‘లక్ష్మీ’ విడిపోయి, హల్లుల పక్కన పొల్లులు వేలాడుతూ, గుడి దేనికీ అంటుకోకుండా కనబడుతుంది. ఈ రెండో రకం మొదటిదానికన్నా చికాకు. ఆండ్రాయిడ్ మీద నడిచేవాటిలో మాత్రం తెలుగు తెలుగులాగే ఉంటుంది. ప్లేయర్ కొనే ముందు దుకాణంలోనే ఒక్క తెలుగు పేరున్న పాటను పెట్టి చూస్తే దాని సంగతి అర నిమిషంలో తెలిసిపోతుంది.

తెలుగు రాని ప్లేయర్ చేతిలో ఉన్నప్పుడు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చడం తప్పదు. ఆ పనిని చేత్తో చేస్తే, ఒకే దేవుడి పేరు ఇవాళ ఒక రకంగా, రేపు ఇంకో రకంగా పడుతుంది. దీర్ఘాలు ఒకసారి రెండక్షరాలుగా, ఒకసారి ఒక్కటిగా వస్తాయి. అకారాది క్రమంలో వెతికేటప్పుడు ఆ పాట దొరకదు. లిపి మార్చే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. ఏదో ఒక పద్ధతిని ఎంచుకుని, అది కంటికి నచ్చినా నచ్చకపోయినా, చివరిదాకా దానికే కట్టుబడాలి. మూల ప్రతిలో మాత్రం తెలుగు పేర్లే ఉంచాలి. తెలుగు నుంచి ఇంగ్లీషు అక్షరాల్లోకి యంత్రం తప్పు లేకుండా మార్చగలదు. వెనక్కి రమ్మంటే ‘త’కూ ‘ట’కూ తేడా తెలియక తడబడుతుంది.

పాటల వరుస

కొత్తగా కొన్న పెన్‌డ్రైవ్ రేడియోలో సుప్రభాతం తరువాత రావలసిన స్తోత్రం రాకుండా, మధ్యలో ఏ సినిమా పాటో ఊడిపడటం చాలామందికి అనుభవమే. రేడియో పాడైందని దుకాణానికి తీసుకెళ్తారు. అది పాడవలేదు, దానికి అక్షర క్రమం తెలియదు, అంతే. ఫ్యాట్32 అనే ఫైళ్ల అమరిక పద్ధతిలో సిద్ధం చేసిన కార్డులో ప్రతి ఫోల్డర్‌కూ ఒక పట్టిక ఉంటుంది. ఏ ఫైల్ ముందు కాపీ అయితే దాని పేరు పట్టికలో ముందు చేరుతుంది. కంప్యూటర్ మనకు ఆ పట్టికను పేర్ల వారీగా సర్ది చూపిస్తుంది కనుక తేడా కనబడదు. చౌక ప్లేయర్ పట్టికలో ఉన్నది ఉన్నట్టు ఆడుతుంది. మరో తమాషా: ఒక పాటను తుడిచేస్తే పట్టికలో దాని గడి ఖాళీ అవుతుంది, తరువాత ఎక్కించిన కొత్త పాట ఆ ఖాళీలో కూర్చునే అవకాశం ఉంది. అందుకే చివర చేర్చామనుకున్న పాట నడుమ వినబడుతుంది.

ఇందుకు రెండు మార్గాలున్నాయి. కార్డును పూర్తిగా ఫార్మాట్ చేసి, ఫోల్డర్లను ఒక్కొక్కటిగా వరుసగా కాపీ చేయడం ఒకటి. కాపీ అంతా అయ్యాక ఫ్యాట్‌సార్ట్ వంటి ప్రోగ్రామ్‌తో పట్టికనే సర్దించడం మరొకటి. పెద్ద సేకరణకు ఇదే నయం. రెండింటిలోనూ ఫైల్ పేరు ముందు అంకె ఉండాలి, ఆ అంకె రెండు స్థానాల్లో ఉండాలి. 1, 2 అని రాస్తే సాదా లెక్కలో 1 తరువాత 10, 11 వచ్చి ఆ తరువాత 2 వస్తుంది. 01, 02 అని రాస్తే ఆ గొడవ ఉండదు.

కార్డు గురించి కూడా నాలుగు మాటలు. 32 గిగాబైట్ల వరకు ఉన్న కార్డులు ఫ్యాట్32లో వస్తాయి, అంతకు మించినవి ఎక్స్‌ఫ్యాట్‌లో. చౌక ప్లేయర్లు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్‌ను గుర్తించవు. ‘కార్డు లేదు’ అని చూపిస్తాయి. 64 గిగాబైట్ల కార్డును ఫ్యాట్32లోకి మార్చే ఉచిత ప్రోగ్రాములు ఉన్నా, అలాంటి ప్లేయర్‌కు మొదటే 32 కొనడం సుఖం. ఇక అంగట్లో మరీ చవకగా దొరికే 128, 256 గిగాబైట్ల కార్డుల్లో నకిలీలు ఉంటాయి. అవి కంప్యూటర్‌కు పెద్ద పరిమాణమే చెబుతాయి, లోపల ఉండేది అందులో కొంత. నిండేదాకా బాగానే ఉండి, ఆ పైన వేసిన పాటలు వేసినట్టే కనబడుతూ ఆడవు. పాటలు ఎక్కించే ముందు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ వంటి ప్రోగ్రామ్‌తో కార్డును ఒకసారి నింపించి చదివిస్తే గుట్టు బయటపడుతుంది.

టేపులూ, రాత్రంతా సాగే నాటకాలూ

సీడీలను మార్చడం యాంత్రికమైన పని, దాని గురించి చెప్పవలసింది తక్కువ. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి ప్రోగ్రామ్ గీతలు పడ్డ చోట మళ్లీ మళ్లీ చదివి, సరిగా రాకపోతే ఆ సంగతి చెబుతుంది. టేపుల విషయంలో ఓర్పు కావాలి. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. పాత ప్లేయర్‌లో రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటే ఆ వేగం తప్పి, శ్రుతి దిగిపోతుంది. కనుక రికార్డు చేసే ముందు బెల్టు చూసుకోవాలి, హెడ్‌ను స్పిరిట్‌తో తుడవాలి. కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్ తెరిచి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో, ధ్వని పతాక స్థాయి కూడా సున్నాకు (కంప్యూటర్ పట్టుకోగల గరిష్ఠ స్థాయికి) ఆరు డెసిబెల్స్ కింద ఉండేలా పట్టుకోవాలి. ధ్వని సున్నాను దాటి నెత్తి తెగితే ఏ ప్రోగ్రామూ దాన్ని అతికించలేదు.

టేపులోని బుసను తీసేయాలన్న ఆరాటం అందరికీ ఉంటుంది. ఇక్కడ చేయి కాస్త వెనక్కి తీసుకోవాలని నా అభిప్రాయం. హరికథ రికార్డులో హరిదాసు చేతి చిరుతల మోత, కాలి గజ్జెల సవ్వడి ఆ బుస ఉన్న పై స్థాయిల్లోనే ఉంటాయి. ప్రోగ్రామ్‌కు రెండింటికీ తేడా తెలియదు. బుస పోయిందని సంతోషించేలోగా గజ్జెలు మూగబోతాయి, గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది. మూల ప్రతిని బుసతోనే ఉంచి, ప్రయోగాలన్నీ వెంట తీసుకెళ్లే ప్రతిలోనే చేసుకోవాలి. మీడియం వేవ్ రేడియో నుంచి పట్టుకున్న టేపులకు ప్లేయర్‌లో మోనో ఎంపీ3, 64 కిలోబిట్లు ధారాళంగా చాలు. ఆ రేడియో సెట్లలో వినబడే ధ్వనే సాధారణంగా 5 కిలోహెర్ట్జ్ దాటదు. గంట కార్యక్రమం 29 మెగాబైట్లలోపే ఇమిడిపోతుంది.

ఇక సురభి నాటకాలు పుట్టిన కడప జిల్లాలో తిరునాళ్లకు రాత్రి పది గంటలకు మొదలై తెల్లవారేదాకా సాగే నాటకాలను చేతి రికార్డర్‌తో పట్టుకునేవారు ఒక విచిత్రాన్ని గమనించే ఉంటారు: ఒక్క నాటకానికి రెండు ఫైళ్లు. ఫ్యాట్32లో ఒక ఫైల్ 4 గిగాబైట్లు దాటకూడదు. ధ్వనిని కుదించకుండా దాచే సాధారణ వేవ్ ఫైల్‌కూ అదే హద్దు. సీడీ స్థాయిలో రికార్డు చేస్తే సుమారు ఆరుముప్పావు గంటలకు, 48 కిలోహెర్ట్జ్ 24 బిట్లలో అయితే నాలుగు గంటలు దాటీ దాటకముందే ఆ హద్దు వస్తుంది. మంచి రికార్డర్ అక్కడ ఆపకుండా కొత్త ఫైల్ మొదలుపెడుతుంది. పద్యం మధ్యలో తెగినట్టుంటే కంగారుపడి రెండు ఫైళ్లనూ విడిగా ఎంపీ3 చేయకూడదు. ఎంపీ3 ధ్వనిని 1152 కొలతల ముక్కలుగా కోస్తుంది కనుక ఫైల్ మొదటా చివరా కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది. రాగం తీస్తున్న చోట ఆ ఖాళీ పంటి కింద రాయిలా తగులుతుంది. ముందు మూలంలోనే రెండింటినీ కలిపి ఫ్లాక్‌గా భద్రపరచి, ఆ తరువాత సన్నివేశాల వారీగా, చప్పట్లు పడిన చోట, ముక్కలు చేసుకోవాలి. ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకోని చౌక ప్లేయర్లలో ఐదు గంటల ఒక్క ఫైల్‌ను వినడం ఎలాగూ సాధ్యం కాదు.

ఇన్ని రకాల రికార్డింగులు ఒకే కార్డులో చేరినప్పుడు ధ్వని హెచ్చుతగ్గులు బయటపడతాయి. టేపు నుంచి తీసిన తత్వం వినడానికి ధ్వని పెంచుతాం, వెంటనే వచ్చే కొత్త సినిమా పాట చెవులు చిల్లులు చేస్తుంది. రీప్లేగెయిన్ అనే పద్ధతి 2001 నుంచి ఉంది. అది పాటను ముట్టుకోకుండా, ఎంత తగ్గించి ఆడాలో ట్యాగ్‌లో రాస్తుంది. చౌక ప్లేయర్లు ఆ ట్యాగ్‌ను పట్టించుకోవు. వాటికోసం ఎంపీ3గెయిన్ ఉంది. అది మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండానే ఫైల్ లోపలి స్థాయిని ఒకటిన్నర డెసిబెల్ మెట్ల చొప్పున పెంచుతుంది, దించుతుంది. కచేరీ రికార్డులకు మాత్రం ఆల్బమ్ మొత్తానికి ఒకే కొలత వాడాలి. లేకపోతే మెల్లగా మొదలైన ఆలాపన, చివర మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం ఒకే స్థాయికి వచ్చి కచేరీ ఎత్తుపల్లాలు చదునైపోతాయి.

వెంట తీసుకెళ్లే ప్రతిని తయారుచేసే పనిని ఫూబార్2000 లేదా ఫ్రీఏసీ వంటి ప్రోగ్రామ్‌కు అప్పగిస్తే, మూలంలోని ఫోల్డర్ల అమరికను అలాగే ఉంచి, ట్యాగులను మోసుకొచ్చి, రాత్రి పడుకునే ముందు పెడితే తెల్లవారేసరికి ముగిస్తుంది. ఆల్బమ్ బొమ్మలను 500 పిక్సెళ్లకు కుదించుకోవాలి. మూడువేల పిక్సెళ్ల బొమ్మ చిన్న ప్లేయర్‌ను ప్రతి పాటకూ ఆలస్యం చేస్తుంది. ప్రోగ్రెసివ్ రకం జేపెగ్ బొమ్మలను చాలా ప్లేయర్లు చూపించనే చూపించవు, సాధారణ రకంలో భద్రపరచాలి. గుడి మైక్‌సెట్‌కు ఇచ్చే పెన్‌డ్రైవ్ అయితే బొమ్మలను పూర్తిగా తీసేయడమే మంచిది. దానికి కావలసింది ఫ్యాట్32, స్థిరమైన 192 కిలోబిట్ల ఎంపీ3, సర్దిన పట్టిక, ఒకే ఫోల్డర్. ఆంప్లిఫయర్ తెర మీద కనబడేది పాట సంఖ్య ఒక్కటే కనుక, ఏ సంఖ్యకు ఏ పాటో తెలుగులో ఒక కాగితం మీద రాసి పెన్‌డ్రైవ్‌తో పాటు పూజారి చేతికి ఇవ్వాలి.